స్మార్ట్ లాక్ సొంతంగా బిగించుకుంటున్నారా? ముందు మన బెజవాడ తలుపు సంగతి చూసుకోండి

యూట్యూబ్‌లో స్మార్ట్ లాక్ ఇన్‌స్టలేషన్ వీడియో ఏది తెరిచినా ఒకటే వరస. పాత తాళం విప్పుతారు, అదే రంధ్రంలో కొత్తది కూర్చోబెడతారు, నాలుగు స్క్రూలు బిగిస్తారు, ఫోన్‌లో యాప్ ఓపెన్ చేస్తారు. పావుగంటలో పని అయిపోతుంది. చూసేవాళ్లకి "ఏముందిలే, మనమూ చేసేయొచ్చు" అనిపిస్తుంది.

అయితే ఆ వీడియోల్లో చాలావరకు అమెరికా తలుపుల మీద తీసినవి. అక్కడ తలుపు కొనేటప్పుడే తాళం కోసం 54 మి.మీ. గుండ్రటి రంధ్రం వేసి ఉంటుంది. అదే అక్కడ స్టాండర్డ్ సైజు, కాబట్టి ఏ బ్రాండ్ తాళమైనా అందులో పడుతుంది. మన దగ్గర అలాంటి లెక్కేమీ లేదు. పటమటలో కొత్త అపార్ట్‌మెంట్ ఫ్లష్ డోర్ ఒక రకం, మొగల్రాజపురంలో ముప్పై ఏళ్ల కిందటి టేకు తలుపు ఇంకో రకం, గుడివాడ వైపు ఊళ్లలో రెండు రెక్కల తలుపు పూర్తిగా వేరే రకం. అందుకే మన ఇళ్లలో స్మార్ట్ లాక్ బిగించడం అంటే ముప్పావు వంతు వడ్రంగం, పావు వంతు యాప్. రోజంతా కోడ్ రాసుకునే నాలాంటివాళ్లకి ఆ పావు వంతు సులువే. అసలు పనంతా చెక్కతోనే.

ఏ రకం తాళం తీసుకోవాలి?

ఇక్కడ దొరికేవాటిలో ప్రధానంగా రెండు రకాలు. మొదటిది రిమ్ లాక్. మన షాపుల్లో అందరూ "ఇంటర్‌లాక్" అనేది దీన్నే. పెట్టె మొత్తం తలుపు లోపలివైపు పైకే బిగిస్తారు, తలుపుకి అడ్డంగా ఒకటో రెండో రంధ్రాలు వేస్తే చాలు. రెండోది మోర్టైస్. ఇందులో తాళం బాడీ తలుపు అంచులోకి దూరిపోతుంది. దానికోసం చెక్కని అంచు నుంచి లోపలికి పెట్టెలాగా తొలవాలి. హ్యాండిల్‌తో చూడ్డానికి అందంగా, హోటల్ గదిలా ఉండేది ఇదే.

సొంతంగా చేసుకునేవాళ్లకి నా సలహా రిమ్ రకమే. మోర్టైస్ కావాలంటే లెక్క చూడండి. తాళం బాడీ మందం సుమారు 20 మి.మీ. మీ తలుపు 35 మి.మీ. అయితే తొలిచాక రెండువైపులా మిగిలేది ఏడున్నర మి.మీ. చొప్పున. ఉలి కొంచెం పక్కకి పోయిందంటే తాళం ఉన్నచోటే తలుపు అన్నిటికన్నా బలహీనంగా తయారవుతుంది. కంపెనీ వాళ్లు బాక్స్ మీద రాసే "35 నుంచి 55 మి.మీ. మందం" లాంటి అంకెలు స్క్రూల పొడవు సరిపోతుందనే చెబుతాయి. మీ చెక్క ఎంత గట్టిదో వాళ్లకేం తెలుసు? మోర్టైస్ మీద మనసుంటే అనుభవం ఉన్న కార్పెంటర్‌ని పిలిచి, యాప్ పని మాత్రం మీరు చూసుకోండి. కొన్ని బ్రాండ్లు ధరలోనే ఇన్‌స్టలేషన్ కలిపి ఇస్తాయి. విజయవాడ పిన్‌కోడ్‌కి ఉన్న సర్వీసు అవనిగడ్డకి ఉండకపోవచ్చు కాబట్టి కొనేముందే అడగండి. సొంతంగా బిగిస్తే వారంటీ ఉంటుందా లేదా అన్నది కూడా అప్పుడే అడగాలి.

కొనేముందు టేపు పట్టుకోండి

సేల్ పెట్టారు కదా అని ఆర్డర్ కొట్టేయకుండా ముందు తలుపు దగ్గరికి వెళ్లండి. మందం అందరూ కొలుస్తారు. జనం మర్చిపోయేవి వేరే ఉన్నాయి.

మన తలుపుల మీద చెక్కుళ్లు ఎక్కువ. లక్ష్మీదేవి, కలశం, లతలు, ఇవేవీ లేకపోతే కనీసం ప్యానెల్ చుట్టూ గాడి అయినా ఉంటుంది. స్మార్ట్ లాక్ బయటి ప్లేటు వెనక రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది. అది చదునైన చెక్కకి అతుక్కుంటేనే వాన నీరు లోపలికి పోకుండా ఆపుతుంది. చెక్కుడు మీద ప్లేటు పెడితే ఓ పక్క సందు మిగిలిపోతుంది. కాబట్టి తలుపు అంచున ఉన్న నిలువు పట్టీ ఎంత వెడల్పుందో కొలిచి, ప్లేటు పూర్తిగా దాని మీదే కూర్చునే మోడల్ చూసుకోండి.

రెండోది ఇనుప గ్రిల్ తలుపు. బెజవాడ అపార్ట్‌మెంట్లలో చెక్క తలుపు ముందు సేఫ్టీ గ్రిల్ లేని ఫ్లాట్ అరుదు. స్మార్ట్ లాక్ హ్యాండిల్ తలుపు నుంచి ఆరేడు సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. గ్రిల్‌కీ తలుపుకీ మధ్య అంత ఖాళీ లేకపోతే గ్రిల్ మూయగానే హ్యాండిల్‌కి తగులుతుంది. మొత్తం బిగించేశాక ఇది బయటపడితే ఎంత చిరాకో! ఇంకో సంగతి, ఆ గ్రిల్‌కి మామూలు తాళం కప్ప వేసుకుంటున్నంత కాలం జేబులో తాళంచెవి తప్పదు. లోపల ఇరవై వేల స్మార్ట్ లాక్, బయట రెండొందల కప్ప. ఇలాంటి ఇళ్లు నేను చాలా చూశాను.

మూడోది ఎండ. తూర్పు గుమ్మం అయితే పొద్దున కాసేపు ఎండ పడుతుంది, పర్వాలేదు. పడమర గుమ్మానికి వరండా కూడా లేకపోతే మే నెల మధ్యాహ్నం బెజవాడ ఎండలో నల్లటి మెటల్ ప్లేటు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. స్పెసిఫికేషన్లలో "ఆపరేటింగ్ టెంపరేచర్" అని ఒక లైను ఉంటుంది. అందులో పై అంకె 55 డిగ్రీల కన్నా తక్కువ ఉంటే అలాంటి గుమ్మానికి నేనైతే కొనను. మచిలీపట్నం వైపు అయితే ఉప్పుగాలి సంగతి కూడా ఆలోచించాలి. మామూలు ఇనుప స్క్రూలు అక్కడ తొందరగా తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి విడిగా కొని పెట్టుకోండి.

వానాకాలం తలుపు

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర స్మార్ట్ లాక్ మొరాయించిందంటే చాలాసార్లు తప్పు తాళానిది కాదు, తలుపుది.

జూలై, ఆగస్టు వచ్చేసరికి మీ ఇంట్లో తలుపు ఎలా వేస్తారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. భుజంతో కొంచెం నెట్టి, హ్యాండిల్ పట్టుకుని పైకి లేపి, అప్పుడు తాళం తిప్పుతారు. ఇంట్లో అందరికీ ఆ పట్టు అలవాటైపోయి ఉంటుంది. తాళంలోని చిన్న మోటారుకి ఆ పట్టు తెలీదు. అది గడియని సూటిగా ముందుకి తోయడం ఒక్కటే చేయగలదు. తలుపు బిగుసుకుని ఉంటే గడియ గుమ్మంలో ఉన్న ప్లేటు అంచుకి రాసుకుంటుంది. మోటారు రెండు మూడుసార్లు గింజుకుని బీప్ కొట్టి ఆగిపోతుంది. ఒక్కోసారి ఎలాగో పడుతుంది గానీ, ప్రతిసారీ అంత కష్టపడితే ఏడాది రావాల్సిన బ్యాటరీలు మూడు నెలలకే ఖాళీ అవుతాయి.

చెక్క గాలిలోని తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, నిలువుగా దాదాపు ఉబ్బదు. చుట్టూ కాలవలు, మాగాణి, పక్కనే కృష్ణ. డెల్టాలో ఈ గొడవ ఉండేదే. మంచి టేకు తక్కువ కదులుతుంది. వేప, ఇతర నాటు కర్రలు ఎక్కువ కదులుతాయి. అందుకని తాళం కొనేముందు చిన్న పరీక్ష చేయండి. తలుపుని ఒక్క వేలితో మెల్లగా నెట్టండి. అది పూర్తిగా మూసుకుని, పాత తాళం ఇంకో చేయి సాయం లేకుండా తిరిగితే మీ తలుపు రెడీ. అలా కాకపోతే ముందు బందులు చూడండి. పైబందు స్క్రూలు వదులైతే తలుపు మొత్తం ముందుకి వాలుతుంది. అప్పుడు పొడవాటి స్క్రూలు వేసి బిగిస్తే సగం సమస్య తీరిపోతుంది. ఆ తర్వాత కూడా రాసుకుంటుంటేనే చిత్రిక పట్టించండి, అదీ కొంచెమే. ఆగస్టులో హాయిగా తిరిగేలా చిత్రిక పడితే ఏప్రిల్‌లో సందులోంచి బల్లులు వస్తాయి.

ఫ్లష్ డోర్లకి ఈ ఉబ్బు సమస్య తక్కువే గానీ ఇంకో చిక్కు ఉంది. కొన్నిటి లోపల తాళం వేసే చోట మాత్రమే గట్టి చెక్క దిమ్మ పెడతారు, మిగతా అంతా తేలిక సరుకు. పాత తాళం ఉన్న ఎత్తులోనే కొత్తది పెట్టండి. యాప్‌లో బాగుంటుందనో, కెమెరా ముఖానికి ఎదురుగా ఉండాలనో ఓ జానెడు పైకి జరిపితే స్క్రూలు పట్టు దొరక్క ఊగుతాయి.

బిగించే రోజు

డ్రిల్లు, హోల్ సా, ఉలి, టేపు, స్క్రూడ్రైవర్. డ్రిల్లు లేకపోతే కొనక్కర్లేదు, తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక పూట అడిగి తెచ్చుకోవచ్చు. హోల్ సా వన్‌టౌన్ హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి, మీ తాళం టెంప్లేట్ కాగితం వెంట తీసుకెళ్తే సరైన సైజు ఇస్తారు.

టెంప్లేట్ అతికించాక ముందు సన్నటి బిట్‌తో చిన్న రంధ్రం వేయండి. హోల్ సా ఒకవైపు నుంచి సగం, రెండోవైపు నుంచి సగం నడపాలి. ఒకేవైపు నుంచి గుచ్చేస్తే అవతలి వైపు చెక్క పెచ్చులుగా లేచిపోతుంది. పాలిష్ పెట్టిన టేకు తలుపుకి ఆ మచ్చ ఇక పోదు. బయటి భాగానికీ లోపలి భాగానికీ మధ్య ఒక సన్నటి కేబుల్ ఉంటుంది. అది ప్లేటు కింద నలిగిపోకుండా రంధ్రం మధ్యలోంచి పోవాలి. స్క్రూలు చివర్లో చేత్తోనే బిగించండి. డ్రిల్లుతో బిగిస్తే ప్లాస్టిక్ బాడీ వంగి మోటారు మీద ఒత్తిడి పడుతుంది.

పని మొత్తం తలుపు తెరిచి ఉంచే చేయండి. గడియ బయటికి రావడం, లోపలికి పోవడం తెరిచిన తలుపు మీద పదిసార్లు చూశాకే మొదటిసారి మూయండి. ఆ మొదటిసారి మెకానికల్ తాళంచెవి ఎక్కడుండాలి? గుమ్మం బయట నిలబడ్డ మనిషి చేతిలో. కొత్త తాళంతో వచ్చిన రెండు చెవులూ బాక్స్‌తో సహా ఇంట్లో టేబుల్ మీద పెట్టి "చూద్దాం" అని తలుపు వేయడం జనం ఎక్కువగా చేసే పని.

యాప్‌లోకి వెళ్లగానే ఫ్యాక్టరీ మాస్టర్ పిన్ మార్చండి. 123456 లాంటివి మాన్యువల్‌లోనే అచ్చేసి ఉంటాయి, ఆ మాన్యువల్ ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతుంది.

వేలిముద్ర పడని వేళ్లు

రేషన్ షాపు దగ్గర పెద్దవాళ్లు వేలు పెట్టి తీసి, తుడిచి, మళ్లీ పెట్టడం మీరు చూసే ఉంటారు. పొలం పని, గిన్నెలు తోమడం, వయసు, వీటితో వేలి గీతలు అరిగిపోతాయి. మిషన్ "మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. రేషన్ షాపులో పడని వేలు మీ ఇంటి తలుపు మీదా పడకపోవచ్చు. అక్కడ డీలర్ ఉంటాడు, పక్కన జనం ఉంటారు. ఇక్కడ అమ్మమ్మ ఒక్కతే కూరగాయల సంచి పట్టుకుని గుమ్మం బయట నిలబడి ఉంటుంది.

తాళాల్లో ఎక్కువగా వాడేది కెపాసిటివ్ సెన్సర్. చర్మం మరీ పొడిబారినా, తడిగా ఉన్నా ఇబ్బందే. పసుపు పిండి అంటుకున్న వేలితోనూ కష్టమే. అందుకే ప్రతి మనిషికీ రెండు చేతుల వేళ్లు కనీసం రెండేసి రిజిస్టర్ చేయండి. పెద్దవాళ్లకి ఒకే వేలిని రెండు మూడుసార్లు, కాస్త కోణం మార్చి వేరే వేరే ఎంట్రీలుగా పెడితే బాగా పనిచేస్తుంది. అయినా పడకపోతే బలవంతం చేయకుండా కార్డో, పిన్నో ఇవ్వండి. చాలా తాళాల్లో పిన్‌కి ముందూ వెనకా ఏవైనా అంకెలు కలిపి కొట్టినా తెరుచుకునే సదుపాయం ఉంటుంది, పక్కన నిలబడి చూసేవాళ్లకి అసలు నంబరు ఏదో అర్థం కాదు. ఇంట్లోవాళ్లకి అది తప్పకుండా నేర్పించండి.

2024 సెప్టెంబరు 1 లాంటి రోజు వస్తే?

నేను ఏ స్మార్ట్ లాక్ చూసినా అడిగే మొదటి ప్రశ్న ఇది. ఆ రోజు బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. మునిగిన కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు చార్జింగ్ లేక ఆగిపోయాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండి, అమ్మానాన్నలు మాత్రమే ఇక్కడుండే ఇళ్లు మన నగరంలో ఎన్నో. స్మార్ట్ లాక్ కొనడానికి ఆ పిల్లలు చెప్పే కారణం కూడా ఇదే: "అవసరమైతే నేను ఇక్కణ్నుంచే తలుపు తీయొచ్చు కదా."

అలాంటి రోజున ఆ రిమోట్ అన్‌లాక్ పనిచేయదు. తాళం బ్యాటరీల మీద నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా తాళం బతికే ఉంటుంది. కానీ ఇంట్లో రౌటర్ ఆగిపోతే డల్లాస్ నుంచి నొక్కిన బటన్ తాళం దాకా రాదు. ఇంకో సంగతి, స్మార్ట్ లాక్ బయటి భాగానికి వాన తట్టుకునే రేటింగ్ ఇస్తారు గానీ, బ్యాటరీలు ఉండే లోపలి భాగానికి మామూలుగా అలాంటి రేటింగ్ ఉండదు. తాళం నేల నుంచి మీటరు ఎత్తులో ఉంటుంది. నీళ్లు నడుం దాకా వస్తే లోపలి సర్క్యూట్ పోయినట్టే లెక్క. పైగా తడిసిన తలుపు ఉబ్బి బిగుసుకుపోతుంది.

అందుకే ఈ మూడూ లేని తాళం ఎంత చవగ్గా వచ్చినా నేను తీసుకోమని చెప్పను. లోపలివైపు నుంచి కరెంటుతో సంబంధం లేకుండా చేత్తో తిప్పితే తెరుచుకునే నాబ్ ఉండాలి. బయటివైపు మెకానికల్ తాళంచెవి రంధ్రం ఉండాలి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే పవర్‌బ్యాంక్ నుంచి టైప్-సి కేబుల్‌తోనో, 9 వోల్టుల బ్యాటరీ ఆనించో కాసేపు ప్రాణం పోసే ఏర్పాటు ఉండాలి. మొదటిది చూడకుండా కొంటే మాత్రం అసలు క్షమించరాదు, ఇంట్లో మనిషి బయటపడే దారి అది.

ఇక ఆ తాళంచెవి. అది వేరే పేటలో ఉండే బంధువు దగ్గర ఒకటి, పక్కింటివాళ్ల దగ్గర ఒకటి ఉండాలి. వరద వస్తే మీ వీధి మొత్తానికీ వస్తుంది కాబట్టి రెండూ ఒకే వీధిలో ఉంచకండి.

హ్యాకర్ల సంగతి

2016లో లాస్ వెగాస్ డెఫ్ కాన్ సదస్సులో ఇద్దరు పరిశోధకులు 16 బ్లూటూత్ తాళాలు పరీక్షించి చూపిస్తే 12 తెరుచుకున్నాయి. కొన్నిటిలో పాస్‌వర్డ్ ఏ ఎన్‌క్రిప్షన్ లేకుండా గాల్లో పోతోంది. 2017 ఆగస్టులో లాక్‌స్టేట్ అనే అమెరికా కంపెనీ ఒక మోడల్‌కి పంపాల్సిన అప్‌డేట్‌ని ఇంకో మోడల్‌కి పంపింది. దాదాపు 500 తాళాలు పనిచేయడం మానేశాయి, వాటిని ఇంటర్నెట్ ద్వారా బాగుచేయడం కూడా కుదరలేదు. ఆ ఇళ్లవాళ్లని ఆదుకున్నది మళ్లీ మామూలు తాళంచెవే.

అప్పటికీ ఇప్పటికీ తాళాలు మెరుగయ్యాయి. మన వీధిలో దొంగ ల్యాప్‌టాప్ పట్టుకుని రాడు, గునపం పట్టుకుని వస్తాడు. నిజంగా జాగ్రత్త పడాల్సింది మనుషుల దగ్గర. అద్దె ఇంట్లో చేరితే, ముందు స్మార్ట్ లాక్ ఉంటే, ఓనర్ ముందే ఫ్యాక్టరీ రీసెట్ చేయించి మాస్టర్ అకౌంట్ ఎవరి ఫోన్‌లో ఉందో తేల్చుకోండి. పాత అద్దెకున్నవాళ్ల వేళ్లు అందులో ఇంకా ఉండొచ్చు. పనమ్మాయికి మీ పిన్ చెప్పకుండా, ఆమె వచ్చే గంటల్లోనే పనిచేసే వేరే పిన్ ఇవ్వండి.

ఇంకొకటి ఎవరూ రివ్యూల్లో రాయరు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అన్న లాగ్ మాస్టర్ అకౌంట్ ఉన్నవాళ్లకి కనిపిస్తుంది. పెద్దాయన ఇంటికి క్షేమంగా చేరాడా అని చూసుకోవడానికి అది బాగుంటుంది. కోడలు ఎన్నింటికి ఇల్లు దాటిందో లెక్కపెట్టడానికి వాడితే అదే యాప్ ఇంట్లో గొడవ. బిగించే రోజే అందరి ముందూ ఈ లాగ్ ఉందని చెప్పేయడం మేలు.

రిమోట్ అన్‌లాక్ తప్పనిసరి కాకపోతే నా ఓటు వైఫై లేని బ్లూటూత్ తాళానికే. బ్యాటరీ ఎక్కువ రోజులు వస్తుంది, ఇంటర్నెట్ నుంచి మీ తలుపు దాకా దారే ఉండదు.

అసలు వద్దనే తలుపు

కానూరులో మా ఫ్లాట్‌కి నేను రిమ్ లాక్ బిగించాను, చక్కగా నడుస్తోంది. అది చూసి అమ్మ, "మీ అమ్మమ్మ వాళ్లింటికి కూడా ఒకటి పెట్టు నాన్నా, ఒక్కతే ఉంటుంది కదా" అంది. గుడివాడ దగ్గర పల్లెటూళ్లో ఇల్లు. రెండు రెక్కల తలుపు, ఎత్తు గడప, లోపల అడ్డగడియ. తెలిసిన వడ్రంగి మేస్త్రి వచ్చి చూసి, "ఒక రెక్క కదిలితే రెండోది కదులుద్ది బాబూ, నీ మిషను దేన్ని పట్టుకుంటది?" అన్నాడు. అది సరైన ప్రశ్న. రెండు రెక్కల తలుపుకి తాళం పడాలంటే ఒక రెక్క ఎప్పుడూ పైనా కిందా బోల్టులతో కదలకుండా ఉండాలి. అమ్మమ్మ వాళ్లింట్లో రెండు రెక్కలూ రోజూ తెరుస్తారు. ఆ చెక్క తొలవడానికి కూడా నాకు చేతులు రాలేదు. "తాళంచెవి నా కొంగున ఉందిగా నాన్నా" అంది అమ్మమ్మ. వీధి వాకిట్లో ఒక వైఫై కెమెరా, లోపల మంచం పక్కన నొక్కితే పక్కింట్లో మోగే వైర్‌లెస్ బెల్లు పెట్టి వచ్చాను. ఖర్చు తాళంలో సగం కూడా కాలేదు.

బ్యాటరీల దగ్గర ఒక్క మాట. తాళంలో ఆల్కలైన్ ఏఏ సెల్స్ మాత్రమే వేయండి. గోడగడియారంలో వేసే చవక జింక్ కార్బన్ సెల్స్ మోటారు లాగే కరెంటుని తట్టుకోలేవు, పైగా కారిపోయి కాంటాక్టులు పాడుచేస్తాయి. రీచార్జబుల్ ఏఏ సెల్స్ 1.2 వోల్టులే ఇస్తాయి కాబట్టి "లో బ్యాటరీ" హెచ్చరిక సరైన టైముకి రాదు. హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా ఏటా జూన్‌లో, వానలు మొదలయ్యే ముందు, నాలుగూ ఒకేసారి మార్చేయండి. అదే రోజు మెకానికల్ తాళంచెవి కూడా ఒకసారి పెట్టి తిప్పి చూడండి. ఏడాదంతా వాడని సిలిండర్ బిగుసుకుపోతుంది, కాస్త గ్రాఫైట్ పొడి వేస్తే మళ్లీ తిరుగుతుంది. కొబ్బరినూనె మాత్రం పోయకండి.